యాంటీబాడీ రిపోర్టులో కనిపించని సగం



2020 ఏప్రిల్, మే నెలల్లో నరసరావుపేట ఎలా ఉందో పేటవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఉమ్మడి గుంటూరు జిల్లాలో గుంటూరు నగరం తర్వాత కరోనా కేసులు ఎక్కువగా బయటపడిన ఊరు మనది. వీధి చివర అడ్డంగా కట్టిన కర్రలు, రెడ్ జోన్ బోర్డు, పోలీసుల విజిళ్లు. పక్క వీధిలో ఉన్న అన్నదమ్ములు ఫోన్లో పలకరించుకున్న రోజులవి.

ఆ ఉద్ధృతి కాస్త తగ్గాక జనంలో కొత్త అలవాటు ఒకటి మొదలైంది. యాంటీబాడీ పరీక్ష. పొద్దున ల్యాబులో రక్తం ఇవ్వడం, సాయంత్రానికి ఫోన్లో రిపోర్టు అందుకోవడం, దాన్ని నలుగురికీ చూపించడం. కొన్ని ల్యాబుల రిపోర్టులో అంకె 250 వరకే వచ్చేది. అది దాటితే ‘250 కంటే ఎక్కువ’ అని వేసేవారు. “నాకు 250 దాటింది, ఇక నాకేం కాదు” అని మాస్కు జేబులో పెట్టుకున్నవాళ్లున్నారు. “నాకు అయిదే వచ్చింది డాక్టరుగారూ, నా గతేంటి?” అని నిద్ర మానుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ ఇద్దరికీ చెప్పాల్సిన మాట ఒకటే. ఈ రోజు నేను మాట్లాడబోయేది కూడా అదే. ఆ రిపోర్టు అబద్ధం కాదు. కానీ అది సగమే. వైరస్ నుంచి మనల్ని కాపాడే ఏర్పాట్లు ఒంట్లో ముఖ్యంగా రెండు రకాలుగా ఉన్నాయి. ఒకటి యాంటీబాడీలు. రెండోది టి కణాలనే తెల్ల రక్తకణాలు. ల్యాబ్ రిపోర్టు మొదటిదాన్నే లెక్కపెడుతుంది. రెండోది అందులో కనిపించదు. మళ్లీ చెబుతున్నాను. యాంటీబాడీ ఒక సగం, టి కణం రెండో సగం. ఈ రెండు సగాలూ దేనికది విడిగా బతికేవి కావు.

ముందు వైరస్ సంగతి. వైరస్ తనంతట తాను పెరగలేదు. దానికి తిండి లేదు, ఊపిరి లేదు. అది మన కణంలోకి దూరాలి. ఆ కణం చేత తన నకళ్లు తయారు చేయించుకోవాలి. అంటే వైరస్ ఉండే చోట్లు రెండు. కణం బయట, కణం లోపల. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

యాంటీబాడీ ఒక ప్రొటీను. రక్తంలో, ముక్కులోని చీమిడిలో, తల్లిపాలలో తిరుగుతూ ఉంటుంది. వైరస్ కనపడగానే దాన్ని పట్టుకుని అతుక్కుపోతుంది. అలా అతుక్కుంటే వైరస్ కణాన్ని పట్టుకోలేదు. ఇదంతా కణం బయట జరిగే పని. ఒక్క వైరస్ తప్పించుకుని కణంలోకి దూరిందంటే యాంటీబాడీ దాని వెనకాలే లోపలికి వెళ్లలేదు.

రెడ్ జోన్ రోజుల్ని మళ్లీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బారికేడ్ దగ్గరి పోలీసు రోడ్డు మీద వచ్చేవాణ్ణి ఆపగలడు. అప్పటికే ఇంట్లో మంచం పట్టి ఉన్నవాడి సంగతి ఆయనకు తెలియదు. అది ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం అమ్మాయికీ, ఆశా కార్యకర్తకూ మాత్రమే తెలుస్తుంది. కేసు ఉన్న ఇంటి తలుపు మీద కాగితం అంటించేవారు కదా, మన కణాలూ సరిగ్గా అదే పని చేస్తాయి. దాదాపు ప్రతి కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తన పై పొర మీద బయటికి చూపిస్తూ ఉంటుంది. లోపల వైరస్ ఉంటే దాని ముక్కలూ బయటికి వస్తాయి. టి కణం ఒక్కో కణాన్నీ తడుముతూ ఆ ముక్కను చదువుతుంది. తేడా కనపడితే ఆ కణాన్నే చంపేస్తుంది. లోపలున్న వైరస్ కూడా దాంతోపాటే పోతుంది.

ఈ రహస్యాన్ని విప్పింది ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు, పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్. 1973, 74ల్లో ఎలుకల మీద చేసిన పని అది. 1996లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. డోహర్టీ చదివింది పశువైద్యం. మన గురజాల, దాచేపల్లి పశువుల ఆసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టర్లు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఇది.

రెండు ఏర్పాట్లని చెప్పాను. ఇవి రెండని ఎలా తెలిసింది? కోడిపిల్లల వల్ల తెలిసింది. కోడిపిల్లకు తోక దగ్గర, విసర్జన ద్వారానికి పైన, చిన్న సంచి లాంటి గ్రంథి ఉంటుంది. పేరు బర్సా. మెడకు రెండు వైపులా ఇంకో గ్రంథి ఉంటుంది, పేరు థైమస్. మనకైతే థైమస్ రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన ఉంటుంది. 1965లో అమెరికాలో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ అనే డాక్టర్లు గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లల్లో కొన్నిటికి బర్సా తీసేశారు, కొన్నిటికి థైమస్ తీసేశారు. బర్సా పోయిన పిల్లల్లో యాంటీబాడీలు పుట్టలేదు. కానీ వాటికి వేరే కోడి చర్మం అతికిస్తే దాన్ని తిప్పికొట్టే శక్తి అలాగే ఉంది. థైమస్ పోయిన పిల్లల్లో ఆ తిప్పికొట్టే శక్తి దెబ్బతింది. అలా తేలింది, బర్సా నుంచి వచ్చి యాంటీబాడీలు చేసే బి కణాలు వేరు, థైమస్ నుంచి వచ్చే టి కణాలు వేరని.

మరి ఇవి విడివిడిగా బతకవని ఎందుకన్నాను? అది మూడేళ్ల తర్వాత తేలింది. 1968లో మెల్‌బోర్న్‌లో జాక్ మిల్లర్, గ్రాహం మిచెల్ అనేవారు ఎలుకల్లో చూపించారు. యాంటీబాడీని తయారు చేసేది బి కణమే. కానీ పక్కన టి కణం సాయం లేకపోతే చాలా సందర్భాల్లో అది ఆ పని సరిగ్గా చేయలేదు. ఇలా సాయం చేసే టి కణాన్ని సహాయక టి కణం అంటాం. వైద్య పరీక్షల భాషలో దాని పేరు సిడి4.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో మీకు తెలుసు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ల తగులుతుంది. ఆ బిళ్ల లింఫు గ్రంథి. బి కణం తాను పట్టుకున్న వైరస్ ముక్కను అక్కడ టి కణానికి చూపిస్తుంది. టి కణం ‘ఇది శత్రువే’ అని ఒప్పుకుంటే బి కణం వేలల్లో పెరుగుతుంది. యాంటీబాడీకి పదును పెడుతుంది. కొన్ని కణాలు ఆ జ్ఞాపకాన్ని ఏళ్ల తరబడి దాచుకుంటాయి. పదునైన యాంటీబాడీ రావాలన్నా, ఆ జ్ఞాపకం నిలవాలన్నా సాధారణంగా సహాయక టి కణం ఒప్పుకోలు కావాలి.

దీనికి కళ్లెదుటి సాక్ష్యం హెచ్ఐవి. ఉమ్మడి గుంటూరు జిల్లా ఈ వైరస్ భారాన్ని గట్టిగా మోసిన జిల్లా. ఈ ఇబ్బంది తెలిసిన కుటుంబాలు నా మాట వింటూ ఉండొచ్చు. హెచ్ఐవి ఉందని ల్యాబులో ఎలా తెలుస్తుంది? మామూలుగా యాంటీబాడీలను చూసే. అంటే ఆ మనిషి రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉన్నాయి. ఉన్నా రక్షణ లేదు. వైరస్ ఎప్పటికప్పుడు రూపం మార్చుకుని ఆ యాంటీబాడీల చేతికి చిక్కదు. పైగా అది చేరేదే సహాయక టి కణాల్లోకి. వాటినే తినేస్తుంది. అందుకే హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్‌టి కేంద్రంలో సిడి4 ఎంత ఉందని అడుగుతారు. ఒకప్పుడు ఆ లెక్క పడిపోయేదాకా మందు మొదలుపెట్టేవాళ్లు కాదు. 2017 నుంచి మన దేశంలో సిడి4 ఎంత ఉన్నా, హెచ్ఐవి ఉందని తేలగానే మందులిస్తున్నారు. ఆ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లు నిండు నూరేళ్లూ బతకొచ్చు. ఈ మాట ఎవరికైనా అవసరం ఉంటుందేమోనని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. మనందరికీ తెలిసిన జబ్బే. సర్పి.

మాచర్ల వైపు పల్లెల నుంచి, మిరపచేలో కూలికి పోయే పెద్దవాళ్లు ఈ జబ్బుతో వస్తూ ఉంటారు. ఒక పెద్దాయన వచ్చాడు. చొక్కా విప్పితే వీపు నుంచి చంక కింద మీదుగా రొమ్ము దాకా, ఎడం వైపు మాత్రమే, నీటి పొక్కుల గుంపు. పొక్కుల మీద ఎర్రమట్టి పూసి ఉంది. వెంట వచ్చిన కోడలు గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది, “తలా తోకా కలిస్తే మనిషి దక్కడంట గదా డాక్టరుగారూ?”

కలవదమ్మా అని చెప్పాను. సర్పి అలా నడుం చుట్టూ చుట్టుకుపోదు. ఎందుకంటే అది వచ్చేది ఒక నరం వెంట. వెన్నెముక నుంచి బయల్దేరిన నరం ఒంటికి ఒక పక్కనే నడుస్తుంది, నడిమధ్యకు వచ్చి ఆగిపోతుంది. పొక్కులూ అక్కడే ఆగిపోతాయి.

తర్వాత ఆయన్ని అడిగాను, “పెద్దాయనా, చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసిందా?” “పోసిందయ్యా. మా అమ్మ వేపమండలు పరిచి పడుకోబెట్టింది” అన్నాడు.

ఆ అమ్మవారూ ఈ సర్పీ ఒకటే వైరస్. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి, తగ్గిపోయాక ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కన, నరాల మొదళ్లలో దాక్కుంటుంది. ఇరవై ఏళ్లయినా, అరవై ఏళ్లయినా అక్కడే ఉంటుంది. ఇక్కడే మన విషయం ఉంది. ఆ పెద్దాయన రక్తం తీసి పరీక్షిస్తే ఈ వైరస్‌కు యాంటీబాడీలు ఉండే ఉంటాయి. వయసు పెరిగినా అవి సాధారణంగా తగ్గవు. అయినా సర్పి వచ్చింది. ఎందుకు? నరంలో కదిలిన వైరస్‌ను కనిపెట్టి అణిచిపెట్టేవి టి కణాలు. వయసుతో తగ్గేది ఆ టి కణాల బలం. క్యాన్సర్ మందులు వాడేవాళ్లలో, మార్పిడి చేసిన కిడ్నీ నిలబడటానికి మందులు మింగేవాళ్లలో సర్పి ఎక్కువగా రావడానికీ కారణం ఇదే.

ఇంగ్లండులో ఎడ్గర్ హోప్‌సింప్సన్ అనే మామూలు కుటుంబ వైద్యుడు తన ఊరి రోగుల రికార్డులు ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసిపెట్టుకుని, 1965లో, ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ఒంటి రక్షణ తగ్గినప్పుడు సర్పిగా లేస్తుందన్న సంగతి ప్రపంచానికి చెప్పాడు.  ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే నాలాంటివాళ్లకు ఆయన మీద గౌరవం కలగడం సహజం.

సర్పి వచ్చినవాళ్లు ఎర్రమట్టితో కాలం గడపకండి. పొక్కులు కనపడిన మూడు రోజుల్లోపల మందు మొదలుపెడితే మంచి గుణం ఉంటుంది. కంటి దగ్గర వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు. 2023 నుంచి యాభై దాటినవాళ్లకు సర్పి రాకుండా టీకా కూడా మన దేశంలో దొరుకుతోంది. ఖరీదు ఎక్కువ, అది నిజం. అందులో వైరస్ ఉండదు, వైరస్ తాలూకు ఒక ప్రొటీన్, దానికి తోడు టి కణాలను బాగా మేల్కొలిపే మందు ఉంటాయి. టి కణాలను గురి పెట్టి తయారు చేసిన టీకా అది.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. తట్టు వచ్చిన పిల్లవాడి గురించి మన అమ్మమ్మలు ఒక మాట అనేవాళ్లు. పూర్తిగా పైకి పోయాలి, లోపల ఉండిపోతే ప్రమాదం అని. నేను వైద్యం చదివే రోజుల్లో దీన్ని మూఢనమ్మకం కింద కొట్టేసేవాళ్లు. కానీ ఇందులో గట్టి పరిశీలన ఉంది. తట్టులో ఒంటి మీద లేచే ఆ ఎర్రటి దద్దు వైరస్ ఒక్కటే చేసింది కాదు. చర్మంలో వైరస్ దూరిన కణాల మీద టి కణాలు దాడి చేస్తున్న గుర్తు అది. టి కణాలు లేకుండా పుట్టిన పిల్లలకు తట్టు సోకితే ఒక్కోసారి దద్దు రాదు. వైరస్ మాత్రం ఊపిరితిత్తుల్లో విజృంభిస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1952లో అమెరికా సైన్యంలో పనిచేసే ఆగ్డెన్ బ్రూటన్ అనే పిల్లల డాక్టరు, అసలు యాంటీబాడీలే తయారు కాని ఒక పిల్లవాణ్ణి గుర్తించాడు. అలాంటి పిల్లలు న్యుమోనియా లాంటి బ్యాక్టీరియా జబ్బులతో పదే పదే మంచం పడతారు. కానీ తట్టు వస్తే చాలామంది మామూలు పిల్లల్లాగే దద్దు వచ్చి కోలుకునేవారు. తట్టు వైరస్‌ను ఒంట్లోంచి తుడిచేసే పని ఎక్కువగా టి కణాలదేనని ఈ పిల్లల వల్ల తెలిసింది. అలాగని యాంటీబాడీ పనికిరాదని కాదు. ఇదే పిల్లలకు పోలియో లాంటి వైరస్‌లు మాత్రం చాలా కీడు చేసేవి. అక్కడ యాంటీబాడీ ఉండి తీరాలి. ఏ వైరస్‌కు ఏ సగం ఎక్కువ పనిచేస్తుందనేది ఆ వైరస్ నడకను బట్టి ఉంటుంది.

తల్లులకు ఒక మాట. తట్టు టీకాను పుట్టగానే ఎందుకు వేయరు, తొమ్మిది నెలలు నిండేదాకా ఎందుకు ఆగుతారు అని చాలామంది అడుగుతారు. మీరు కడుపులో ఉన్న బిడ్డకు మీ యాంటీబాడీలు ఇచ్చి పంపుతారు. యాంటీబాడీ అలా చేతులు మారగలదు. కానీ వాటిని తయారు చేసే కణాలను, టి కణాల జ్ఞాపకాన్ని అలా పంచి ఇవ్వలేరు. మీరిచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలల్లో కరిగిపోతాయి. అవి ఉన్నన్నాళ్లూ టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను కూడా పట్టేసుకుంటాయి. బిడ్డ కణాలకు నేర్చుకునే అవకాశమే రాదు. అందుకే అవి తగ్గేదాకా ఆగి, తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో రెండోది వేస్తారు. ఏఎన్ఎం చెప్పిన రోజున తప్పకుండా వేయించండి.

మళ్లీ కరోనా రిపోర్టుల దగ్గరికి వస్తాను. 2020 సెప్టెంబరులో మన రాష్ట్ర సర్వేలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి యాంటీబాడీలు కనిపించాయి. మరుసటి ఏడాది జూన్, జులైల్లో ఐసీఎంఆర్ చూసేసరికి మన రాష్ట్రంలో అది పదిమందిలో ఏడుగురయింది. జబ్బు ఎంతమందికి తాకిందో, టీకా ఎంతమందికి పనిచేసిందో అంచనా వేయడానికి యాంటీబాడీ సర్వే చక్కని సాధనం. ఒక మనిషి ధైర్యాన్ని కొలవడానికి మాత్రం అది చాలదు. నెలలు గడిచేకొద్దీ యాంటీబాడీ అంకె దిగుతుంది. దిగడం సహజం. జ్ఞాపకం ఉన్న కణాలు అప్పటికీ మిగిలి ఉంటాయి.

ఎన్నాళ్లు ఉంటాయి? 2003లో, కరోనాకు చుట్టమైన సార్స్ వచ్చి బతికి బయటపడినవాళ్లను సింగపూర్ శాస్త్రవేత్తలు 2020లో పరీక్షించారు. ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి కణాలు వాళ్లలో 17 ఏళ్ల తర్వాత కూడా కనిపించాయి.

మన హైదరాబాదు టీకా కోవాక్సిన్ మీద కూడా ఇలాంటి పని జరిగింది. ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో నిమేష్ గుప్తా బృందం చేసింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు రాజేష్ విక్కుర్తిది. 2022లో అచ్చయింది. టీకా వేసుకున్నవాళ్లలో ఆ జ్ఞాపకం కనీసం ఆరు నెలలు నిలిచిందని, రూపం మార్చుకున్న రకాల మీద యాంటీబాడీ పట్టు తగ్గినా టి కణాలు వాటిని గుర్తుపట్టగలిగాయని వాళ్లు చూపించారు. ఇలా ఎందుకంటే, యాంటీబాడీ పట్టుకునేది వైరస్ పైభాగాన్ని. వైరస్ త్వరగా మార్చుకునేది కూడా ఆ పైభాగాన్నే. టి కణం చదివేది వైరస్‌లోని చాలా ముక్కల్ని, లోపలి ముక్కల్ని కూడా. అన్నిటినీ ఒకేసారి మార్చుకోవడం వైరస్ వల్ల కాదు.

2025లో నరసరావుపేటకు చెందిన ఒక పసిబిడ్డ బర్డ్ ఫ్లూతో చనిపోయిందన్న వార్త విని మన ఊరంతా కలవరపడింది. అలాంటి కొత్త రకం ఫ్లూకు మనలో సరిపడే యాంటీబాడీలు ఉండవు. మామూలు ఫ్లూ వచ్చిపోయిన పెద్దవాళ్లలో, లోపలి ముక్కల్ని గుర్తుపట్టే టి కణాలు కొన్ని ఉండొచ్చు. 2009 పందిఫ్లూ సమయంలో లండన్‌లో అజిత్ లల్వానీ బృందం గమనించింది ఇదే. అలాంటి టి కణాలు ఎక్కువగా ఉన్నవాళ్లకు జబ్బు తేలిగ్గా పోయింది. పసిపిల్లలకు ఆ అనుభవం ఉండదు. కోడిమాంసం బాగా ఉడికేదాకా పిల్లల చేతికి ఒక్క ముక్క కూడా ఇవ్వకండి.

టి కణాల పరీక్ష లేదా అని మీకు అనుమానం రావచ్చు. ఉంది, మీలో చాలామంది చేయించుకునే ఉంటారు. టీబీ అనుమానం వస్తే ముంజేతి చర్మంలో చిన్న సూది వేసి, రెండు మూడు రోజుల తర్వాత రమ్మంటారు. అక్కడ గట్టిగా లేచిన వాపును స్కేలుతో కొలుస్తారు. ఆ వాపు టి కణాల గుంపు. అవి వచ్చి చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వైరస్‌లకైతే ఇంత తేలికైన పరీక్ష ఊళ్లలో దొరకదు. రక్తంలోంచి బతికున్న కణాలను వేరు చేసి, గంటల వ్యవధిలో పెద్ద ల్యాబులో చూడాలి. అందుకే రిపోర్టులో యాంటీబాడీయే కనిపిస్తుంది.

చివరిగా ఒక వైరస్. ఇక్కడ ముందు పని యాంటీబాడీదే, ఆలస్యమైతే రెండు సగాలూ చేతులెత్తేస్తాయి. కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్. కాటు వేసిన చోట వైరస్ కొన్నాళ్లు కండలో ఉంటుంది. నరంలోకి ఎక్కిందంటే ఇక దాదాపు ఏదీ ఆపలేదు. ఆ లోపలే యాంటీబాడీ దాన్ని పట్టుకోవాలి. టీకా వేసినా మన ఒంట్లో యాంటీబాడీలు తగినంత తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. బి కణం, టి కణం కలిసి ఆ పని నేర్చుకోవాలి కదా. ఆ మధ్య రోజుల కోసమే, రక్తం కారేలా కరిస్తే, తయారుగా ఉన్న యాంటీబాడీలను గాయంలోనే సూదితో ఎక్కిస్తాం. నొప్పిగా ఉంటుంది. పిల్లలు గోల పెడతారు. వద్దని లాక్కుపోకండి. గాయంలో వేసేది అరువు యాంటీబాడీ, భుజానికి వేసేది సొంత యాంటీబాడీ తయారు చేయించే టీకా. రెండూ కావాలి. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. తిన్నగా ఆసుపత్రికి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా టీకాను మొదటి రోజు, దానికి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత వేస్తారు. చివరి సూది నాటికి గాయం మానిపోయి ఉంటుంది, కుక్క కూడా వీధిలో బాగానే తిరుగుతూ కనిపించవచ్చు. అయినా ఆ సూది మానొద్దు.